సీతమ్మ వెనక్కి తిరిగిన దారి

డొక్కా సీతమ్మగారు అంతర్వేది చూడకుండానే ఇంటికి తిరిగొచ్చిన కథ కోనసీమలో పెద్దవాళ్లందరికీ తెలుసు. లంకల గన్నవరంలో ఆవిడ ఇల్లు. పొద్దున లేచింది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా వచ్చేపోయేవాళ్లకి వండి వడ్డించడమే ఆవిడ పని. అంతర్వేది నరసింహస్వామిని ఒక్కసారి కళ్లారా చూసి రావాలని ఏళ్ల తరబడి కోరిక. గడప దాటితే ఆ పూట వచ్చినవాళ్లకి అన్నం ఎవరు పెడతారన్న బెంగతో ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. చివరికి ఒకనాడు పల్లకీ ఎక్కారు. దారిలో బోయీలు అలుపు తీర్చుకోడానికి పల్లకీ దించారు. ఆ పక్కనే ఒక పెళ్లిబృందం కూడా ఆగి ఉంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం తిందురుగాని" అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట పల్లకీలో ఉన్న సీతమ్మ చెవిన పడింది. బోయీల్ని వెనక్కి తిప్పమన్నారు. పెళ్లివారికంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

ఈ కథలో నన్ను పట్టుకుని వదలనిది ఆవిడ దానగుణం ఒక్కటే కాదు, ఆవిడ చూపు. దైవదర్శనానికి వెళ్తున్న మనిషికి దారిపక్క ఏడుపు వినిపించింది. ఆ ఏడుపులో ఎవరున్నారో ఇంకొకరు చెప్పకుండానే తెలిసిపోయింది. ఏ దేవుణ్ణి చూడ్డానికి బయల్దేరిందో ఆ దేవుడే ఎదురొచ్చి ఆకలంటున్నాడని పోల్చుకుంది. ఆవిడ మనసులో అంతర్వేది ప్రయాణం ఆగిపోలేదనీ, అక్కడే ముగిసిందనీ నా నమ్మకం. రోజూ మన ముందునుంచే నడిచిపోతున్నవాణ్ణి ఇంత చప్పున గుర్తుపట్టడం మనిషికి ఎలా అబ్బుతుంది? ఈ ప్రశ్నని వెంటబెట్టుకుని, సంక్రాంతి రోజుల్లో, రాజమహేంద్రవరం నుంచి అంతర్వేదికి బయల్దేరాను. బస్సుల్లో, ఆటోల్లో, కాసేపు కాలినడకన, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతూ వెళ్లాలన్నది నా ఆలోచన.

బయల్దేరే ముందు పుష్కరాల రేవులో మునిగాను. మెట్లమీద ఒక పెద్దాయన చేత పురోహితుడు పితృకార్యం చేయిస్తున్నారు. గోదావరిని స్తుతించి, ఆ వెంటనే కాటన్ దొర పేరు చెప్పి నమస్కారం చేయమన్నారు. పెద్దాయన ఏ తడబాటూ లేకుండా చేతులు జోడించాడు. గోదావరి జిల్లాల పురోహితుల్లో చాలామంది నోట ఈ స్మరణ ఉంది. భగీరథుడితో పోల్చి ఆ ఆంగ్లేయుణ్ణి తలుచుకునే శ్లోకం కూడా ఉంది.

దానికి కారణం ధవళేశ్వరంలో తెలుస్తుంది. అక్కడ గోదావరి రెండుగా చీలుతుంది. ఎడమకి గౌతమి, కుడికి వసిష్ఠ. మధ్యన ఉన్న త్రికోణమే కోనసీమ. 1832-33లో నందన కరువు వచ్చినప్పుడు పక్కనే ఇంత నది పారుతూ ఉండగా ఈ సీమలో జనం తిండిలేక చనిపోయారు, మిగిలినవాళ్లు ఊళ్లు విడిచి వలసపోయారు. నది కిందనుంచి సముద్రంలోకి పోతోంది, చేను పైన ఎండుతోంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టి, మధ్యలో ఆరోగ్యం చెడినా వదలకుండా, 1852కల్లా పూర్తిచేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, లంకల్ని కలుపుకుంటూ రాతికట్ట సాగింది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ దాని తర్వాత కట్టింది. రాళ్లు మోసిన కూలీలు వేలమంది ఉంటారు. వాళ్ల పేర్లు ఏ సంకల్పంలోనూ లేవు. పురోహితుడు దొర పేరు చెప్పినప్పుడు నేను మనసులో వాళ్లకి కూడా దణ్ణం పెట్టుకున్నాను.

మడీ ఆచారం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక పరదేశి క్రైస్తవుడి పేరుని మంత్రాల మధ్యలోకి తెచ్చుకున్న ఆ పురోహితుల తాతముత్తాతల్ని తలుచుకుంటే నాకు ఆశ్చర్యం, గౌరవం రెండూ కలుగుతాయి. కాలువలో నీళ్లు వచ్చాయి. గింజ పండింది. పిల్లలు బతికారు. ఆ నీళ్లలో దేవుడి చెయ్యి కనిపించింది కనక ఆ చేతికి పనిముట్టైనవాడికి మొక్కారు. కులగోత్రాలు అడగలేదు.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరితే అక్కణ్ణుంచి మధ్యడెల్టా కాలువ మన పక్కనే నడుస్తుంది. లొల్ల లాకుల దగ్గర బస్సు దిగి కాసేపు కూర్చున్నాను. తలుపుల కిందనుంచి నీళ్లు నురగలు కక్కుతూ దూకుతున్నాయి. దాళ్వా నాట్లకి నీళ్లు వదిలిన రోజులు. ఆత్రేయపురంలో ఇళ్ల ముందు బోర్లించిన కుండల మీద ఆడవాళ్లు పూతరేకులు తీస్తున్నారు. వరిపిండి నీళ్లలో గుడ్డ ముంచి వేడి కుండ మీద పరిచి లాగితే, కంటికి ఆనీ ఆనని రేకు కుండమీద మిగులుతుంది. కాసేపు నిలబడి చూసి రావులపాలెం బస్సెక్కాను.

పండగ ఊళ్లలో ప్రతి వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ, గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు. పేడముద్దని తెచ్చి, పసుపుకుంకుమలు పెట్టి, అది అమ్మవారని దణ్ణం పెట్టే పిల్లల్ని నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అయినా ఈసారి కొత్తగా చూశాను. ముగ్గు పెట్టేది కూడా బియ్యప్పిండితోనే, చీమలు తినాలని. చూరుకి వరికంకుల కుచ్చు వేలాడుతుంటుంది, పిచ్చుకల కోసం. కొత్తపేట దాటాక ఒక శివాలయం ముఖమండపంలో అలాంటి కుచ్చు కింద నిలబడ్డాను. నాలుగైదు పిచ్చుకలు దాన్ని పట్టుకుని ఊగుతూ గింజలు ఒలుచుకుంటున్నాయి. పొట్టు నా భుజాల మీద రాలుతోంది. లోపల హారతి గంట మోగితే కూడా అవి బెదరలేదు. కోతలప్పుడే మంచి కంకులు ఏరి, ఓపిగ్గా అల్లి, గుడికి తెచ్చి కట్టిన మనిషెవరో అక్కడ పేరు రాసుకోలేదు. గర్భగుడిలో నైవేద్యం ఎంత నిజమో ఈ మండపంలో నైవేద్యం కూడా అంతే నిజమని ఆ పూట నాకు తెలిసింది.

కనుమనాడు జగ్గన్నతోటకి వెళ్లాను. ఇది చూడకుండా ఈ దారి దాటకూడదని రాజమండ్రిలో నాకు చెప్పని వాళ్లు లేరు.

జగ్గన్నతోట అంబాజీపేట మండలంలో, మొసలపల్లి పక్కన ఉన్న కొబ్బరితోట. అక్కడ గుడి లేదు. ఏడాదికి ఒక్కరోజు, కనుమనాడు, చుట్టుపక్కల పదకొండు ఊళ్లనుంచి పదకొండుమంది శివుళ్లు అక్కడికి వస్తారు. ఏకాదశ రుద్రులు లోకక్షేమం మాట్లాడుకోడానికి కూడతారని నమ్మకం. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు, కె.పెదపూడి నుంచి మేనకేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, ఇలా. వాళ్లు వచ్చేది ప్రభల మీద. వెదురుబద్దలు వంచి, ఇంటికప్పుని మించిన ఎత్తున అర్ధచంద్రాకారంగా కట్టి, రంగు బట్టలతో, నూలుదారాలతో, పూలతో అలంకరించి, నడుమ స్వామిని నిలిపిన వాహనాన్ని ఇక్కడ ప్రభ అంటారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. కాని ఢిల్లీ రోడ్డు మీద కనిపించనిదీ, ఇక్కడే చూడవలసిందీ ఒకటుంది. అది ప్రభలు వచ్చే తోవ.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. వంతెన మీదుగా కాదు, నీళ్లలోంచి. నేను కాలువగట్టు మీద జనంలో ఇరుక్కుని నిలబడ్డాను. మొదట దూరంగా కొబ్బరిమట్టల మధ్య ప్రభ కొస ఊగుతూ కనపడింది. తర్వాత కేక వినపడింది: "శరభా! అశ్శరభ!" ప్రభ ఆకుపచ్చని చేలోకి దిగింది. రోడ్డు ఎంతో దూరం లేదు, అయినా చేలోంచే వస్తుంది. అది స్వామి తోవ. కింద పదుల సంఖ్యలో మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ, మోకాలిలోతు బురదలో కాళ్లు పీక్కుంటూ వస్తున్నారు. గట్టుమీదికొచ్చి ఒక్క క్షణం ఆగారు. మరుక్షణం అందరూ ఒక్కసారిగా కాలువలోకి దిగిపోయారు. నీళ్లు నడుముదాకా, ఛాతీదాకా వచ్చాయి. పొట్టివాళ్లు తల ఎత్తి గాలి పీల్చుకుంటున్నారు. ప్రభ ఒకవైపు వాలింది. గట్టుమీద ఆడవాళ్లు "స్వామీ, స్వామీ" అని ఏడుపుగొంతుతో పిలిచారు. అవతలి గట్టున ఉన్నవాళ్లు తాళ్లు విసిరి, చేతులందించి, పట్టుకున్నారు. ఎవరు ఏ ఊరివాళ్లో, ఏ కులంవాళ్లో ఆ నీళ్లలో తేల్చుకోవడం నావల్ల కాలేదు. ప్రభ మళ్లీ నిలబడి అవతలి గట్టెక్కినప్పుడు నా పక్కనున్న ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకుని, "ఎక్కేశారండి" అన్నాడు. శివుడు ఎక్కాడని చెప్పాడో, మోసినవాళ్లు ఎక్కారని చెప్పాడో నేను అడగలేదు.

తొక్కిడి పడిన చేను పక్కన ఒక రైతు నిలబడి ఉన్నాడు.

"ఈ చేను మీదేనాండీ?"

"ఆయ్. మాదేనండి."

"ఊడ్చి ఎన్నాళ్లో అయినట్టు లేదు. ఇంత తొక్కేశారు కదా!"

ఆయన నావంక కాస్త జాలిగా చూశాడు. "స్వామి కాలు పెట్టిన మడి ఇంకా బాగా పండుద్దండి. మా నాన్నగారి నాటినుంచీ చూత్తన్నాను. పక్క దారిన ఎల్లిపోతేనే మాకు బెంగండి."

వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి వచ్చినప్పుడు మిగతా ప్రభలన్నిటినీ ఒకసారి పైకి లేపి గౌరవం చూపించారు. తోటంతా జీళ్లు, ఖర్జూరాలు, బొమ్మలు, బూరలు. పిల్లల అరుపులు. సాయంత్రమయ్యేసరికి శివుళ్లందరూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు, తోట మామూలు కొబ్బరితోట అయిపోతుంది. మర్నాటినుంచి అక్కడ మళ్లీ దింపు కార్మికులు చెట్లెక్కుతారు. ఏటా ఆ ఒక్కరోజు దేవుళ్లు కూర్చున్న నేల మీద మిగతా రోజులన్నీ కొబ్బరికాయలు రాశులు పోస్తారు. కట్టడం ఏదీ లేకపోవడమే ఆ చోటుకి ఉన్న గొప్పతనమని నాకు గట్టిగా తోచింది. గుడి కట్టి ఉంటే గుడి బయట ఉన్నది మామూలు తోట అయిపోయేది. ఇప్పుడు తోటంతా ఆయనదే.

ముక్కనుమనాడు అంబాజీపేట నుంచి పి.గన్నవరం చేరాను. వసిష్ఠ నుంచి చీలిన వైనతేయ గోదావరి ఇక్కడ అడ్డొస్తుంది. దానిమీద కాటన్ కాలంలోనే, 1850ల్లో, నలభైతొమ్మిది ఆర్చీలతో అక్విడక్టు కట్టారు. కింద నది పారుతుంది, పైన కాలువ పారుతుంది. ఆ కాలువ నీళ్లే అవతలి లంక చేలకి ఆధారం. తర్వాతి కాలంలో పక్కనే కొత్త అక్విడక్టు కట్టి దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల్లో ప్రతి గింజకీ ఈ నీళ్లే తల్లి. అన్నం పెట్టినామె పేరు నీళ్లు మోసే వారధికి పెట్టాలని ఎవరికి తోచిందో గాని వాళ్లకి నా నమస్కారం.

లంకల గన్నవరం అక్కడికి దగ్గరే. సీతమ్మ 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్నగారిని పెళ్లాడి ఈ ఊరొచ్చారు. భార్యాభర్తలిద్దరూ ఇల్లంటే పదిమందికి అన్నం దొరికే చోటు అనుకున్నారు. లంకల ఊరు కనక రేవు దాటేవాళ్లు, వరదలో చిక్కుకున్నవాళ్లు, పొద్దుపోయాక పడవ దొరకనివాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. ఒక వరద రాత్రి అవతలి లంకలోంచి ఎవరో ఆకలితో కేకలు పెడితే, సీతమ్మ అన్నం మూటగట్టి ఇస్తే, జోగన్నగారు ఆ చీకట్లో పడవ వేసుకుని వెళ్లి ఇచ్చి వచ్చారని చెప్పుకుంటారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకలకి ఆవిణ్ణి ఢిల్లీ పిలిచారనీ, రానంటే కనీసం ఫొటో అయినా కావాలన్నారనీ, కలెక్టరు బతిమాలితే గాని ఆవిడ ఫొటోకి ఒప్పుకోలేదనీ మరొక కథ. 1909లో ఆవిడ కన్నుమూశారు. 2024 నుంచి రాష్ట్రంలో ప్రభుత్వబడుల మధ్యాహ్నభోజనానికి ఆవిడ పేరే ఉంది.

ఊళ్లో ఒక అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న మామ్మగారు కనపడ్డారు. సీతమ్మగారి గురించి అడుగుదామని దగ్గరికెళ్లాను. నోరు తెరిచేలోపు ఆవిడే అడిగారు.

"భోంచేశావా అమ్మా?"

పేరు తర్వాత అడిగారు. ఊరు ఆ తర్వాత అడిగారు. నేను లేదనేసరికి, వద్దన్నా వినకుండా లోపలికి తీసుకెళ్లి అరిటాకు వేశారు. పప్పు, కందబచ్చలి, మజ్జిగపులుసు, పండగ అరిసె. తింటున్నంతసేపూ పక్కనే పీట వేసుకుని కూర్చుని నా ఆకువంకే చూశారు. ఆ చూపు వర్ణించడం కష్టం. ఆకులో ఏది తగ్గుతుందో నాకంటే ముందు ఆవిడకే తెలుస్తోంది. నేను ఎవర్నో, ఏ పనిమీద వచ్చానో ఆవిడకి ఏమాత్రం పట్టలేదు.

చేతులు కడుక్కున్నాక అరుగు మీద కూర్చున్నాం. మాటలు వరదల మీదికి వెళ్లాయి. 1986 ఆగస్టు వరద అప్పటికి ఆవిడకి పిల్లలు చిన్నవాళ్లు. లంకల్లో వాళ్లందరూ గొడ్డూగోదాతో ఏటిగట్టు ఎక్కారట. 1996 నవంబరు తుపాను గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వెయ్యిమందికి పైగా పోయారు. "తెల్లారి చూస్తే ఆకాశం తప్ప ఏం లేదమ్మా, ఎటు చూసినా అడ్డంగా పడ్డ చెట్లే" అన్నారు.

"అప్పుడు దేవుడు ఎక్కడున్నాడని అనిపించలేదా మామ్మగారూ?"

"ఎందుకనిపించదూ? తిట్టిపోశాను. పీటల మీద ఉన్న దేవుళ్లందర్నీ పేరుపేరునా తిట్టాను." చేటలో బియ్యం ఒకసారి ఎగరేశారు. "మూడో నాడు ఎవరో లారీ మీద పులిహోర పొట్లాలు తెచ్చారు. ఏ ఊరివాళ్లో ఇప్పటికీ తెలీదు. రోడ్డుకడ్డం పడ్డ చెట్లు నరుక్కుంటూ వచ్చారట. ఆ పొట్లం విప్పి పిల్లలకి పెట్టి నేనో ముద్ద తిన్నాక, ఇంక తిట్టలేకపోయానమ్మా."

ఆ రాత్రి పోయినవాళ్లకి ఆ పొట్లం జవాబు కాదు. మామ్మగారు కూడా జవాబని చెప్పలేదు. నేను ఆ సంగతి చాలాసేపు ఆలోచించాను. గాలిని పంపినవాడే పొట్లాన్నీ పంపాడని అనడానికి నాకు నోరు రాదు. బిడ్డ పోయిన తల్లి ఎదురుగా నిలబడి ఆ మాట ఎవరనగలరు? నాకు తెలిసిందల్లా ఇంతే: తుపానులో ఆయన్ని వెతికితే నాకు దొరకలేదు, చెట్లు నరుక్కుంటూ వచ్చినవాళ్ల గొడ్డళ్లలో వెతికితే దొరికాడు. సీతమ్మ కూడా వరదెందుకొచ్చిందని గోదావరిని అడుగుతూ కూర్చోలేదు. పొయ్యి వెలిగించింది. ఆ పొయ్యి దగ్గరే ఆవిడకి దర్శనం.

సెలవు తీసుకుంటుంటే మామ్మగారు అరిసెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. సీతమ్మగారి గురించి ఏమైనా చెప్పమని చివరికి అడిగాను. "మా అత్తగారి అత్తగారు చూశారట ఆవిణ్ణి. ఎప్పుడూ వంటింట్లోనే ఉండేవారట" అన్నారు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

తాటిపాక, రాజోలు, మలికిపురం. దారి పొడుగునా వలుపు కార్మికులు గునపాలమీద కాయలు కొట్టి పీచు ఊడదీస్తున్నారు. సఖినేటిపల్లి వైపు వెళ్లే ఆటో ఎక్కాను. అద్దం దగ్గర శిలువ వేలాడుతోంది. వెనకాల పెద్ద అక్షరాలతో 'గర్భిణీ స్త్రీలకు ఉచితం' అని రాసి ఉంది. ఇలాంటి రాతలు ఆటోల మీద చాలాచోట్ల చూస్తాం, చదివి మర్చిపోతాం. డ్రైవరు పాతికేళ్ల కుర్రవాడు.

"ఎప్పుడు రాయించావు బాబూ ఇది?"

"బండి కొన్నప్పుడేనండి. మా అమ్మ రాయించమందండి."

"రోజూ ఎవరో ఒకరు ఎక్కుతారు కదా, నష్టం కాదా?"

"అది రాయించాక ఒక్క నెల కూడా కిస్తీ తప్పలేదండి," అన్నాడు. శిలువని ఒకసారి వేలితో తాకాడు. "భీష్మ ఏకాదశి తీర్థానికైతే రాత్రింబగళ్లు తిప్పుతామండి. అప్పుడు ముసలోళ్లని కూడా ఊరికే ఎక్కించుకుంటానండి. నరసింహసామి దగ్గరికెల్లేవోళ్ల దగ్గర ఎక్కువ అడక్కూడదంటదండి మా అమ్మ."

ఆ తల్లిని నేను చూడలేదు. అంతర్వేది యాత్రలో నేను కలిసిన భక్తుల్లో ఆవిణ్ణి కూడా లెక్కవేసుకున్నాను.

అంతర్వేది భూమికి చివర. ఇంక అటు పక్క వసిష్ఠ, ఇటు పక్క బంగాళాఖాతం. స్వామి ఇక్కడ వెలిసిన కథలో కూడా గుర్తుపట్టడమే ఉంది. కేశవదాసు అనే పశువుల కాపరి, తన మందలో ఒక ఆవు రోజూ పుట్టమీద పాలు కార్చి రావడం గమనించాడు. పాలు ఇవ్వని ఆవుని కొట్టి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. అతను పుట్ట దగ్గర ఆగాడు. ఇప్పుడున్న గుడి 1823 ప్రాంతంలో అగ్నికులక్షత్రియుడైన కోపనాతి కృష్ణమ్మ కట్టించాడని చెబుతారు. నావలు నడిపిన కులంవారు కట్టిన గుడి. ఈనాటికీ రథోత్సవంలో ఆ వంశంవారికి మర్యాద ఉంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు సీమంతా ఇంట్లో మనిషి పోయినట్టు కుమిలిపోయింది. కొన్ని నెలల్లోనే కొత్తది చేయించారు, 2021 కల్యాణోత్సవాలకి అది కదిలింది. నేను దాన్ని దగ్గరగా చూశాను. కొత్త చెక్క మీద చేతులు ఆనించి మొక్కేవాళ్ల వరస తెగడం లేదు.

దర్శనం బాగా జరిగింది. జనం పల్చగా ఉన్నారు. అర్చకస్వామి తొందరపెట్టలేదు. సీతమ్మ చూడాలనుకున్న రూపాన్ని ఆవిడ పేరు చెప్పుకుని చూశాను. కళ్లు చెమర్చాయి. మనుషుల్లో దేవుణ్ణి చూసేవాళ్లకి గుడి అక్కర్లేదని కొందరంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. సీతమ్మకి గుడి కావాలి, ఏళ్ల తరబడి ఆవిడ తహతహలాడింది దానికోసమే. గర్భగుడిలో ఉన్నవాడి మీద అంత ప్రేమ పెంచుకుంది కనకే, దారిలో ఏడుస్తున్న పిల్లల గొంతులో అతని గొంతు పోల్చుకోగలిగింది. ఎన్నడూ చూడాలని కోరుకోనివాళ్లు ఎదురొచ్చినా ఎలా పోలుస్తారు? రాజమండ్రిలో మూటగట్టుకొచ్చిన ప్రశ్నకి నాకు దొరికినంతమటుకు జవాబు ఇదే.

సంగమం దగ్గరికి నడిచాను. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు అక్కడ. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం. వేటనుంచి తిరిగొచ్చిన పడవలోంచి వల దులుపుతున్న ఆయన, నేను అడక్కుండానే, ఏటిగాలికీ సముద్రపుగాలికీ తేడా ఎలా పట్టుకోవాలో చెప్పాడు. పక్కన అతని కూతురు చిన్న చేపల్ని ఏరి కాకులకి విసురుతోంది.

తిరిగి గుడి దగ్గరికొచ్చేసరికి అన్నదానం బంతి లేస్తోంది. రెండో బంతికి కూర్చున్నాను. వడ్డించేవాళ్లు తక్కువగా ఉన్నారు, పండగ సెలవుల్లో కుర్రాళ్లు ఊళ్లు వెళ్లారట. నేను తిని లేస్తుంటే గరిటె పట్టుకున్న పెద్దాయన నన్ను ఆపాడు.

"ఖాళీయేనా అమ్మా? మూడో బంతికి పులుసు అందించే మనిషి లేడు."

చెంగు బిగించి బకెట్టు అందుకున్నాను. బకెట్టు బరువుకి మొదటి వరస పూర్తయ్యేసరికే చెయ్యి లాగింది. అమలాపురం నుంచి వచ్చిన కుటుంబం, భీమవరం నుంచి వచ్చిన ముగ్గురు అయ్యప్పస్వాములు, ఒంటరిగా వచ్చిన ఒక ముసలామె, నరసాపురం రేవు దాటి వచ్చిన కూలివాళ్లు. అందరి ఆకుల్లోకీ ఒకలాగే చూడ్డం మొదట్లో రాలేదు. మామ్మగారి చూపు గుర్తొచ్చి ఆకులవంకే చూస్తూ నడిచాను. ఏ ఆకులో ఏది తగ్గుతుందో రెండో వరసకి తెలియడం మొదలైంది. చివరన కూర్చున్న పిల్లాడు అన్నం గుంట చేసుకుని ఎదురుచూస్తున్నాడు. ముక్కలు తియ్యి, పులుసే పొయ్యమన్నాడు. ముక్కలు పక్కకి నెట్టి పులుసు పోశాను. వాళ్లమ్మ ఇంకో గరిటె వేయమంది. అవతలి వరసనుంచి ఎవరో మజ్జిగ అడుగుతున్నారు. పెద్దాయన వంటశాలలోకి కేకేశాడు, నాలుగో బంతికి జనం వస్తున్నారు, ఇంకో డేగిశా దించమని.